పాటలో పరుగు వేరు... బాటలో పరుగు వేరు!

తెర మీద హీరో పరుగు పందేనికి తయారవడానికి ఎంతసేపు పడుతుందో ఎప్పుడైనా లెక్కపెట్టారా? సరిగ్గా ఒక పాట! పల్లవిలో పొద్దు పొడుస్తుంది. మొదటి చరణంలో హీరో కిందపడతాడు, మోకాలు చీరుకుపోతుంది. రెండో చరణంలో వాన, బురద, నడుముకి టైరు కట్టుకుని లాగడం. ఆఖర్న గుట్ట ఎక్కి రెండు చేతులూ పైకెత్తుతాడు. కట్ చేస్తే స్టేడియం! మనం ఈలలు వేస్తాం. వెయ్యాలి కూడా. నేనూ బోలెడు వేశాను.

మరి ఆ హీరోకి ఒంట్లో జన్మకి వదలని జబ్బు ఒకటి వుంటే? పరిగెత్తే కాలి ఎముకే బీటలు వారితే? అప్పుడు ఆ పాట ఎన్నాళ్లు పడుతుంది? ఆ సంగతి నేను చెప్పగలను. ఎందుకంటే సినిమాల మీద రాయడం నా ఉద్యోగం, పరిగెత్తడం నా పిచ్చి, సుగర్ నా జబ్బు!

సూదితో సహవాసం

మీ తాతయ్యకో, బాబాయికో వుండే సుగర్ కాదు నాది. నాది టైప్-1. ఒంట్లో ఇన్సులిన్ తయారుచేసే కణాలని మన శరీరమే శత్రువనుకుని చంపేస్తుంది. అది నాకు పదిహేడో యేట, ఇంటర్ రెండో సంవత్సరంలో వచ్చింది. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఇన్సులిన్ సూది పొడుచుకోకుండా నేను ఒక్క రోజు కూడా గడపలేదు. గడపలేను కూడా. కెనడాలోని టొరంటోలో 1921లో బాంటింగ్, బెస్ట్ అనే ఇద్దరు ఇన్సులిన్‌ని పట్టుకున్నారు. 1922 జనవరిలో పద్నాలుగేళ్ల కుర్రాడికి దాన్ని మొదటిసారి ఎక్కించారు. అంతకు ముందు పుట్టివుంటే ఈ వ్యాసం రాయడానికి నేను వుండేవాణ్ణి కాదు.

“మరి ఇంత జబ్బు పెట్టుకుని ఆ పరుగులెందుకురా నాయనా?” అని మా అమ్మ ఇప్పటికీ అడుగుతుంది. అడగాల్సిన ప్రశ్నే. 42 కిలోమీటర్ల 195 మీటర్ల మారథాన్ ఆరోగ్యంగా వున్నవాడికే గండం. మరి సుగర్ వున్నవాడికి?

ఇక్కడ కాస్త సైన్సు చెప్పాలి, విసుక్కోకండి. మామూలు మనిషి పరుగు మొదలుపెట్టగానే ఒంట్లో ఇన్సులిన్ తనంతట తనే తగ్గుతుంది. కండరాలేమో దానితో పెద్దగా పని లేకుండానే నెత్తుర్లోని చక్కెరని లాక్కోగలవు. లెక్క సరిపోతుంది. నా విషయంలో అలా కాదు. సూదితో లోపలికి పంపిన ఇన్సులిన్‌ని “బాబ్బాబూ, వెనక్కి రా” అని పిలవలేం. అది దాని పని చేస్తూనే వుంటుంది, కండరాలు వాటి పని చేస్తూనే వుంటాయి. ఇద్దరూ కలిసి చక్కెరని దోచేస్తే ఒళ్లు చల్లబడుతుంది, చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది. అప్పటికీ చూసుకోకపోతే స్పృహ తప్పుతుంది.

ఇందులో అసలు విలనీ ఎక్కడుందంటారా? చెమటలు, వణుకు, నీరసం... మారథాన్‌లో ముప్ఫయ్యో కిలోమీటరు దగ్గర ఇవన్నీ అందరికీ వుంటాయి! ఏది అలసట, ఏది ప్రాణం మీదికి వచ్చే ముప్పు? డబుల్ యాక్షన్ చిత్రంలో మంచివాడెవరో, వేషం వేసుకున్నవాడెవరో తెలియనట్టే వుంటుంది. అంచేత నేను మనసు చెప్పింది నమ్మను. మీటరు చెప్పింది నమ్ముతాను.

ఇడ్లీల లెక్క

పరుగుకి వెళ్లే రోజు నా దినచర్య ఇలా వుంటుంది. తెల్లవారుజామున లేవగానే సుగర్ పరీక్ష. పరుగు మొదలయ్యే వేళకి 126కీ 180కీ మధ్య వుంటే సలక్షణం. 90 కంటే తక్కువుంటే ముందు ఏదైనా తీపి తినాలి, ఆ తర్వాతే బూట్లు. 270 దాటితే కీటోన్ల పరీక్ష చేసుకోకుండా గుమ్మం దాటకూడదు. రెండిడ్లీలు తిన్నప్పుడు మామూలుగా వేసుకునే ఇన్సులిన్ మోతాదుని పరుగుండే రోజు తగ్గించాలి. ఎంత తగ్గించాలన్నది ఒక్కొక్కరికి ఒక్కో రకం. నా మోతాదు మీకు పనికిరాదు, మీది నాకు పనికిరాదు. దాన్ని డాక్టరుతో కూర్చుని నెలల తరబడి నోటుపుస్తకంలో రాసుకుంటూ కనిపెట్టాల్సిందే.

దారిలో గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి పోతూ వుండాలి. నా నడుము పట్టీలో గ్లూకోజు పొడి పొట్లాలు, ఖర్జూరాలు, మీటరు, “నాకు టైప్-1 డయాబెటిస్, పడిపోతే ఆసుపత్రికి తీసుకెళ్లండి” అని రాసిన కార్డు వుంటాయి. పల్లీపట్టీ కూడా వుంటుంది. కానీ సుగర్ దిగిపోతున్నప్పుడు దాన్ని ముట్టుకోను. వేరుశనగల్లోని నూనె వల్ల తీపి నెత్తుర్లోకి చేరడం ఆలస్యమవుతుంది. అప్పుడు కావలసింది ఉత్త చక్కెర, 15 గ్రాములు. తిన్నాక 15 నిమిషాలు ఆగి మళ్లీ పరీక్ష.

చేతికి అతికించుకునే సెన్సర్లు వచ్చాక పని సులువైంది. అయితే అవి కూడా నెత్తురు కంటే కొన్ని నిమిషాలు వెనకబడి చెప్తాయి. పరిగెత్తేటప్పుడు ఆ కొన్ని నిమిషాలే ముఖ్యం!

పరుగు అయిపోయాక ఇంటికొచ్చి హాయిగా పడుకోవచ్చా? అదీ లేదు. ఖాళీ అయిన కండరాలు రాత్రంతా చక్కెరని లాక్కుంటూనే వుంటాయి. అందుకే పెద్ద పరుగు వున్న రోజు అర్ధరాత్రి రెండింటికి అలారం. పాటలో ఈ అలారం షాటు మీరెప్పుడైనా చూశారా?

ముప్ఫయ్ ఒకటో కిలోమీటరు

2022 ఆగస్టులో హైదరాబాదు మారథాన్. నెక్లెస్ రోడ్డు మీద ఇంకా చీకటిగానే వుంది. వేలమంది జనం, మైకులు, డప్పులు. బయలుదేరే ముందు చూసుకుంటే సుగర్ 214! కంగారు పడలేదు. పందెం ముందు వుండే ఉత్కంఠ కూడా సుగర్‌ని పెంచుతుంది. ఉద్వేగంలో ఒళ్లు వదిలే అడ్రినలిన్ చేసే పని అది. ఆ సంఖ్య చూసి ఇన్సులిన్ వేసుకుంటే దారిలో కొంప మునుగుతుంది.

హైదరాబాదులో ఫ్లైఓవర్లు ఎక్కి దిగడమంటే తెలుసుగా! పైగా ఆగస్టు ఉక్కపోత. 25 దాకా బాగానే వచ్చాను. 31వ కిలోమీటరు దగ్గర మీటరు 62 చూపించింది. పక్కకి జరిగి ఫుట్‌పాత్ మీద కూర్చున్నాను. పొడి మింగాను. పావుగంట తర్వాత 66. మళ్లీ మింగాను. మరో పావుగంటకి 71.

నాతో పాటు నాలుగేళ్లుగా పరిగెత్తే పెద్దాయన ఒకాయన వెనకనుంచి వచ్చి ఆగారు. “ఏం తమ్ముడూ, ఎంత వుంది?” అన్నారు. చెప్పాను. “ఇంకా పదకొండే కదా అని నేననను. లేద్దామా, వద్దా? నువ్వే చెప్పు” అన్నారు.

“వద్దన్నా” అన్నాను.

ఆ రోజు మెడలో పతకం లేకుండా ఆటోలో ఇంటికెళ్లాను. ఆటోలో ఏడ్చిన మాట నిజం. కానీ ఆ “వద్దన్నా” అన్న మాట నేను పందెం కోసం నేర్చుకున్న వాటిలో అన్నిటికంటే కష్టమైన పాఠం. దాన్ని ఇవాళ్టికీ వెనక్కి తీసుకోను.

ఎముక చెప్పిన మాట

మర్నాడు మళ్లీ మొదలుపెట్టాను. 2023 వేసవిలో కుడికాలి ముంజంగ ఎముక మీద, వేలితో చూపించగలిగేంత చోట, నొప్పి మొదలైంది. పరిగెత్తేకొద్దీ పెరుగుతుంది, కూర్చుంటే తగ్గుతుంది. ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు. ఎమ్మారై తీస్తే తేలింది. స్ట్రెస్ ఫ్రాక్చర్!

ఎముక రాయి కాదు. ప్రతి అడుగు దెబ్బకీ సూక్ష్మంగా అరుగుతూ, విశ్రాంతిలో మళ్లీ కట్టుకుంటూ వుంటుంది. కట్టుబడి కంటే అరుగుదల ఎక్కువైతే సన్నని బీట పడుతుంది. పందేనికి నాలుగు నెలలు కూడా లేదు. “ఎనిమిది వారాలు పరుగు మాట ఎత్తకండి. ఎత్తితే ఈ బీట కాస్తా విరుగుతుంది. అప్పుడు రాడ్ వెయ్యాలి” అన్నారు డాక్టరుగారు.

ఇక్కడ రెండు కష్టాలూ చేతులు కలిపాయి చూడండి. పరుగు ఆగిపోగానే సుగర్ పెరగడం మొదలైంది. ఇన్సులిన్ మోతాదు మళ్లీ మొదటినుంచి లెక్కకట్టుకోవాలి. సుగర్ పెరిగితే ఎముక అతుక్కోవడం ఆలస్యం. ఎముక ఆలస్యమైతే పరుగు ఆలస్యం. ఒక ముడి విప్పబోతే ఇంకొకటి బిగుసుకునేది.

ఆ ఎనిమిది వారాలూ ఈతకొలనులో నడుముకి బెల్టు కట్టుకుని, కాళ్లు నేలకి తగలకుండా లోతు నీళ్లలో “పరిగెత్తాను”. పక్కన ఈత నేర్చుకునే పిల్లలు, “అంకుల్ మునిగిపోతున్నారు!” అని కేకలు పెట్టేవాళ్లు. తర్వాత ఒక నిమిషం పరుగు, నాలుగు నిమిషాల నడక. వారం గడిచాక రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. ఆ యేడు ఆగస్టు పందేనికి రోడ్డు పక్కన నిలబడి చప్పట్లు కొట్టాను.

మన తెర మీదా, వాళ్ల తెర మీదా

ఇలాంటి కథలు తెరకి కొత్తవి కావు. 1981లో జరిగిన బస్సు ప్రమాదం తర్వాత కాలు కోల్పోయిన సుధాచంద్రన్, జైపూర్ కాలు పెట్టుకుని మళ్లీ గజ్జెకట్టారు. ఆ కథనే శ్రీ సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో శ్రీ రామోజీరావు “మయూరి”గా నిర్మిస్తే, కథానాయికగా ఆవిడే నటించారు. 1991లో “అశ్విని” చిత్రంలో పరుగుల రాణి అశ్విని నాచప్ప స్వయంగా హీరోయిన్‌గా కనిపించారు. అసలు మనిషే తెర మీద కనిపిస్తే ఆ కిక్కే వేరు!

కెనడావాళ్ల చిత్రం ఒకటుంది, 1983 నాటి “ది టెర్రీ ఫాక్స్ స్టోరీ”. టెర్రీ ఫాక్స్‌కి పద్దెనిమిదో యేట, 1977లో, ఎముక కాన్సరు వల్ల కుడికాలు తీసేశారు. ఆపరేషన్‌కి ముందు రోజు రాత్రి, ఒంటికాలితో న్యూయార్క్ మారథాన్ పూర్తిచేసిన డిక్ ట్రామ్ అనే ఆయన గురించి పత్రికలో చదివాడు. ఒక్క వ్యాసం! (పత్రికలవాళ్లం గర్వపడొద్దూ?) పద్నాలుగు నెలల తరిఫీదులో అయిదు వేల కిలోమీటర్లు పరిగెత్తాడు. 1980 ఏప్రిల్ 12న, కాన్సరు పరిశోధనకి చందాలు పోగుచెయ్యడానికి, అట్లాంటిక్ తీరాన సెయింట్ జాన్స్ నుంచి దేశాన్ని అడ్డంగా దాటడానికి బయలుదేరాడు. మంచికాలి మీద రెండు గెంతులు, కృత్రిమ కాలితో ఒక అడుగు. రోజుకి దాదాపు ఒక మారథాన్. అలా 143 రోజులు, 5,373 కిలోమీటర్లు!

సెప్టెంబరు 1న థండర్ బే దగ్గర దగ్గూ, గుండెల్లో నొప్పీ వచ్చాయి. కాన్సరు ఊపిరితిత్తులకి పాకింది. టెర్రీ ఆగాడు. పసిఫిక్ సముద్రం చూడకుండానే, 1981 జూన్ 28న, ఇరవై రెండేళ్లకి కన్నుమూశాడు. కానీ అప్పటికే దేశంలో తలకొక డాలరు చొప్పున రెండు కోట్ల నలభై లక్షల డాలర్ల పైచిలుకు పోగయింది. ఆయన పేరున 1981 నుంచి ఏటా జరుగుతున్న పరుగుల వల్ల ఇప్పటిదాకా 80 కోట్ల డాలర్లకి పైగా వచ్చింది. చిత్రంలో టెర్రీగా వేసిన ఎరిక్ ఫ్రయర్ కూడా కాన్సరుకి కాలు పోగొట్టుకున్నవాడే. రాబర్ట్ డువాల్ వంటి మహానటుడి పక్కన నటించి, కెనడా జీనీ అవార్డుల్లో ఉత్తమ నటుడయ్యాడు.

ఆ చిత్రం ప్రతిసారీ నన్ను ఏడిపిస్తుంది. అయినా ఒక మాట అనాలి. టెర్రీ దారిలో డాక్టరు పరీక్షలకి వెళ్లడానికి ఇష్టపడేవాడు కాదు. ఆ తెగువని తలచి చేతులెత్తి మొక్కుతాను, కానీ అనుకరించను. నాకు ఆదర్శం ఇంకొకరు వున్నారు. ఇంగ్లండు పౌలా రాడ్‌క్లిఫ్! చిన్నవయసు నుంచే ఉబ్బసం. ఆవిడ ఇన్‌హేలర్‌ని దాచలేదు, ఉబ్బసాన్ని సాకుగానూ వాడలేదు. దాన్ని బూట్లలా తన సరంజామాలో చేర్చుకుంది. 2003లో లండన్ మారథాన్‌ని 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లలో ముగించింది. ఆ ప్రపంచ రికార్డు పదహారేళ్లు, 2019 దాకా, చెక్కుచెదరలేదు.

ఇంతకీ క్లైమాక్స్?

2024 ఆగస్టులో మళ్లీ నెక్లెస్ రోడ్డు. దారిలో ఏడుసార్లు ఆగి సుగర్ చూసుకున్నాను. 31వ కిలోమీటరు దగ్గర 118. ఆ పెద్దాయన ఈసారి ముందున్నారు. వెనక్కి తిరిగి వేళ్లతో “ఎంత?” అన్నట్టు సైగ చేశారు. చెప్పాను. “అయితే పద!” అన్నారు. అయిదు గంటల నలభై రెండు నిమిషాలకి గీత దాటాను. గెలిచినవాళ్లు అప్పటికి ఇంటికెళ్లి స్నానాలు, టిఫిన్లు కూడా ముగించి వుంటారు! నాకు మాత్రం గీత దాటగానే చేసిన మొదటి పని... వేలికి సూది. 143. ఆ కాగితం మీద సంఖ్యని ఇప్పటికీ పతకం పక్కనే పెట్టుకున్నాను.

ఈ పేజీ చదివే తమ్ముళ్లలో, చెల్లెళ్లలో సుగరో, ఉబ్బసమో, మూర్ఛో వున్నవాళ్లు తప్పకుండా వుంటారు. క్లాసులో సూది దాచుకునేవాళ్లు, ఆటల పీరియడ్‌లో చెట్టు కింద కూర్చోబెట్టబడేవాళ్లు. “నీకొద్దులే” అనే వాళ్ల మాట వినకండి. అలాగని హీరోలా ఎగబడనూ వద్దు. ముందు డాక్టరుని కలవండి, తోడు ఒకరిని పెట్టుకోండి, నోటుపుస్తకం కొనుక్కోండి. మొదటి రోజు మీ వీధి చివరిదాకా నడిచి రండి.

ఇక నిర్మాతలకి ఒక విన్నపం. సుగర్ వున్న హీరో పరిగెత్తే సినిమా ఒకటి తీయండి. పాట పెట్టండి, గుట్ట ఎక్కించండి, మాకేం అభ్యంతరం లేదు. రెండో చరణంలో మాత్రం ఒక్క షాటు... హీరో ఫుట్‌పాత్ మీద కూర్చుని పావుగంట ఆగాలి. మొదటి ఆటకి ముందు వరసలో కూర్చుని ఈల వేసే పూచీ నాది!