గుట్టల మీద పరుగుకు ఏ షూస్ కొనాలి? ముందు నేల చూడండి, తర్వాత పాదం, ఆ తర్వాతే ధర

హైదరాబాద్: రోడ్డు మీద పరుగు అలవాటైన వాళ్లు ఒక్కసారి ఖాజాగూడ గుట్టలెక్కి దిగితే తేడా వెంటనే తెలిసిపోతుంది. హజ్రత్ బాబా ఫక్రుద్దీన్ ఔలియా దర్గా ఉన్న ఈ గుట్టలన్నీ గట్టి గ్రానైట్ రాళ్లే. పొడి రాయి మీద కాలు బాగానే నిలుస్తుంది. కానీ రాయి అరిగి రాలిన గరుకు ఇసుక దాని మీద పలుచగా పరుచుకుని ఉంటుంది. ఎక్కేటప్పుడు దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. దిగేటప్పుడే కాలు జర్రున జారుతుంది.

ఇలా రాళ్లలో, మట్టి బాటల మీద, అడవి దారుల్లో చేసే పరుగును ట్రయల్ రన్నింగ్ అంటారు. కొత్తగా మొదలుపెట్టే వాళ్లు ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: ఏ కంపెనీ షూస్ కొనాలి? కానీ అంతకంటే ముందు తేల్చుకోవాల్సినవి మూడున్నాయి. ఎలాంటి నేల మీద పరుగెత్తుతారు? మీ పాదం ఎలా ఉంది? లోపల ఏ సాక్స్ వేసుకుంటారు? వీటికి జవాబు లేకుండా వేలకు వేలు పెట్టి కొన్నా, మొదటి వారంలోనే మడమ మీద బొబ్బతో ఇంట్లో కూర్చోవాల్సి రావచ్చు.

రోడ్డు షూస్ ఎందుకు సరిపోవు?

రోడ్డు మీద ప్రతి అడుగూ దాదాపు ఒకేలా పడుతుంది. అందుకే రోడ్డు షూస్ అడుగు భాగం నున్నగా, పైన జాలీ పలుచగా, మధ్యలో ఫోమ్ మెత్తగా ఉంటాయి. గుట్ట మీద ఏ రెండు అడుగులూ ఒకేలా పడవు. మొనదేలిన రాయి మీద కాలు పడితే ఆ పోటు మెత్తటి ఫోమ్‌లోంచి పాదానికి తగులుతుంది. ఎత్తైన మెత్తటి సోల్ పక్కకు ఒరిగితే చీలమండ మెలిక పడుతుంది.

ట్రయల్ షూస్‌లో ముఖ్యంగా నాలుగు తేడాలు కనిపిస్తాయి. అడుగున రబ్బరు పళ్లు ఉంటాయి, వీటినే లగ్స్ అంటారు. వేళ్లు రాయికి కొట్టుకోకుండా ముందు భాగం గట్టిగా ఉంటుంది. పైబట్ట ముళ్లకు, రాపిడికి తట్టుకునేలా ఉంటుంది. కొన్ని రకాల్లో రాయి పోటు తగలకుండా సోల్ మధ్యలో పలుచటి గట్టి పలక పెడతారు, దీన్ని రాక్ ప్లేట్ అంటారు.

అలాగని అందరికీ ఇవి అవసరం లేదు. పార్కులో చదునైన మట్టి ట్రాక్ మీద పరుగెత్తేవాళ్లకు మామూలు రన్నింగ్ షూస్ చాలు.

నేలను బట్టి సోల్

షాపులో షూ తిరగేసి రబ్బరు పళ్ల లోతు చూడాలి. ఖాజాగూడ లాంటి గట్టి రాతి నేలకు, ఎండిన బాటలకు 3 నుంచి 4 మిల్లీమీటర్లు సరిపోతుంది. ఇంకా లోతైన పళ్లుంటే మంచిదే కదా అనిపిస్తుంది. కానీ రాయి మీద ఆ పళ్ల కొనలు మాత్రమే ఆనతాయి. రబ్బరు తక్కువ తగిలితే పట్టూ తగ్గుతుంది, పళ్లూ తొందరగా అరిగిపోతాయి.

వికారాబాద్ దగ్గర, మూసీ నది పుట్టే అనంతగిరి కొండల్లో వానాకాలం పరుగెత్తాలంటే లెక్క మారుతుంది. అక్కడి ఎర్రమట్టి తడిస్తే జారుతుంది. అలాంటి చోట 5 మిల్లీమీటర్లు, అంతకు మించిన పళ్లు కావాలి. పంటికీ పంటికీ మధ్య ఎడం ఎక్కువగా ఉండాలి. లేకపోతే మట్టి అక్కడే ఇరుక్కుని సోల్ మొత్తం నున్నటి ముద్దలా తయారవుతుంది. నల్లరేగడి నేలల్లోనూ ఇదే సమస్య.

రబ్బరు మెత్తగా ఉంటే తడి రాయిని బాగా పట్టుకుంటుంది, కానీ త్వరగా అరుగుతుంది. గట్టి రబ్బరు ఎక్కువ కాలం వస్తుంది, తడిలో జారుతుంది. నాచు పట్టిన రాయి దగ్గర మాత్రం ఏ రబ్బరునూ నమ్మకూడదు, అక్కడ నడవడమే మేలు.

వానాకాలం కదా అని వాటర్‌ప్రూఫ్ షూస్ కొనేవాళ్లూ ఉన్నారు. తడి గడ్డి, చిన్న జల్లు వరకు అవి పనికొస్తాయి. కానీ వాగులో కాలు పడి పైనుంచి నీళ్లు లోపలికి వెళ్తే తేలిగ్గా బయటకు రావు. ఎండాకాలంలో లోపలి చెమటదీ అదే పరిస్థితి. మన వేడికి, మన వానలకు త్వరగా ఆరే జాలీ షూసే ఎక్కువ మందికి సరిపోతాయి.

కొలత ఎలా చూసుకోవాలి?

రోజంతా నిలబడి, నడిచేసరికి పాదం కొంచెం ఉబ్బుతుంది. పరుగులోనూ అంతే. కాబట్టి షూస్ సాయంత్రం పూట, పరుగుకు వేసుకునే సాక్స్‌తోనే కొలత చూసుకోవాలి. చాలామందికి రెండు పాదాలూ సమానంగా ఉండవు. పెద్ద పాదానికి సరిపోయే సైజే తీసుకోవాలి.

నిలబడినప్పుడు పొడవాటి వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. ఈ ఖాళీ లేకపోతే దిగుడులో వేళ్లు ముందుకు కొట్టుకుని గోళ్లు నల్లబడతాయి. షాపులో ర్యాంపో మెట్లో ఉంటే దిగి చూడండి. మడమ లేవకూడదు, వేళ్లు తగలకూడదు.

వెడల్పు తెలుసుకోవడానికి సులువైన పద్ధతి ఉంది. షూ లోపలి ఇన్‌సోల్ బయటకు తీసి దాని మీద నిలబడాలి. పాదం అంచులు బయటకు పొర్లితే ఆ షూ మీకు ఇరుకే. వాడగా వాడగా సాగుతుందన్న మాట నమ్మి తీసుకోవద్దు. యూకే సైజు నంబర్ కంపెనీని బట్టి కొంచెం మారుతుంది. డబ్బా మీద సెంటీమీటర్లలో ఉండే కొలతతో పోల్చుకుంటే నయం.

‘డ్రాప్’ అనే మాట కూడా వినిపిస్తుంది. అంటే సోల్ ఎత్తులో మడమ దగ్గరికీ వేళ్ల దగ్గరికీ ఉన్న తేడా. ఇప్పటిదాకా 10 మిల్లీమీటర్ల డ్రాప్‌కు అలవాటు పడి ఒక్కసారిగా సున్నాకు మారితే పిక్కల మీద, మడమ వెనక నరం మీద భారం పెరుగుతుంది. మారాలనుకుంటే కొద్ది దూరాలతో నెమ్మదిగా మారాలి.

అసలు పని సాక్స్‌ది

షూస్‌కు వేలు ఖర్చు పెట్టి, లోపల ఆఫీసుకు వేసుకునే కాటన్ సాక్స్ తొడుక్కునేవాళ్లు చాలామంది. బొబ్బలు మొదలయ్యేది ఇక్కడే. పాదం లోపల ఎముక ముందుకూ వెనక్కూ కదులుతుంటే, పైచర్మం సాక్స్‌కు అంటుకుని కదలకుండా ఉంటుంది. ఈ లాగుడుకు చర్మం పొరల మధ్య చీలిక వచ్చి నీరు చేరుతుంది. చెమటకు తడిసిన చర్మం సాక్స్‌కు ఇంకా గట్టిగా అంటుకుంటుంది. కాటన్ చెమటను పీల్చి తనలోనే ఉంచుకుంటుంది కాబట్టి సమస్య పెరుగుతుంది.

పాలియెస్టర్, నైలాన్ కలిపిన స్పోర్ట్స్ సాక్స్ త్వరగా ఆరతాయి. మెరినో ఉన్ని సాక్స్ తడిసినా పాదానికి హాయిగానే ఉంటాయి, వాసన తక్కువ, ధర ఎక్కువ. వేళ్ల దగ్గర లావు కుట్టు లేకుండా, ముడతలు పడకుండా బిగుతుగా పట్టి ఉండాలి. గుట్టల మీద పొట్టి సాక్స్ వద్దు. చీలమండ పైదాకా ఉంటే ఇసుక, గడ్డి ముళ్లు లోపలికి పోవు. వేళ్ల మధ్య ఒరుసుకునేవాళ్లకు ఐదు వేళ్లూ విడిగా ఉండే సాక్స్ ఉపయోగపడతాయి.

ఫజర్ నమాజ్ ముగించుకుని అటునుంచి అటే పరుగుకు వెళ్లేవాళ్లు ఒక విషయం గుర్తుంచుకోవాలి. వజూ తడి వేళ్ల మధ్య ఉండగానే సాక్స్ వేసుకోవద్దు. చిన్న తువ్వాలు వెంట ఉంచుకుని పూర్తిగా తుడుచుకోవాలి.

షుగర్ ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. కొందరికి పాదాల్లో స్పర్శ తగ్గి బొబ్బ వచ్చినా నొప్పి తెలియదు. చిన్న పుండే పెద్దదవుతుంది. అలాంటివాళ్లు డాక్టర్‌ను అడిగిన తర్వాతే ఈ పరుగు మొదలుపెట్టాలి. రోజూ పాదాలు కళ్లతో చూసుకోవాలి.

చెప్పులతోనూ గెలిచారు

ఇథియోపియాకు చెందిన అబెబే బికిలా 1960 రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌ను ఉత్త కాళ్లతో పరుగెత్తి గెలిచారు. 1964 టోక్యోలో షూస్‌తో మళ్లీ గెలిచారు. అమెరికాలోని కొలరాడో కొండల్లో జరిగే 100 మైళ్ల లెడ్‌విల్ పరుగును 1993లో మెక్సికో రరామురి తెగకు చెందిన 55 ఏళ్ల విక్టోరియానో చుర్రో చెప్పులతో గెలిచారు. వాళ్ల పాదాలు చిన్నప్పటి నుంచీ అలాంటి పరుగుకు అలవాటు పడ్డవి. మనం వాళ్లను చూసి షూస్ విప్పేయాల్సిన పని లేదు. ఖరీదైన బ్రాండ్ లేకపోతే పరుగే లేదన్న భయం మాత్రం వదిలేయొచ్చు.

రూపాయల లెక్క

2025 సెప్టెంబర్ 22 నుంచి జత 2,500 రూపాయల వరకు ఉన్న పాదరక్షల మీద జీఎస్టీ 5 శాతం, అంతకు మించితే 18 శాతం. అంటే పన్నుకు ముందు 2,400 ఉన్న జత 2,520కి వస్తుంది. 2,600 ఉన్న జత 3,068 అవుతుంది. అసలు ధరలో తేడా 200 రూపాయలే, జేబులోంచి పోయేది 548. ఈ గీతకు అటూ ఇటూ ఉన్న జతలను పోల్చి చూడటం మంచిది.

అలాగని చౌకే లాభమని కాదు. రన్నింగ్ షూస్ సాధారణంగా 500 నుంచి 800 కిలోమీటర్లు వస్తాయంటారు. ఉదాహరణకు 4,000 రూపాయల జత 600 కిలోమీటర్లు వస్తే కిలోమీటరుకు 6 రూపాయల 67 పైసలు పడుతుంది. 1,500 రూపాయల జత 150 కిలోమీటర్లకే అరిగితే కిలోమీటరుకు 10 రూపాయలు. వారానికి 20 కిలోమీటర్లు పరుగెత్తేవాళ్లకు 600 కిలోమీటర్లంటే 30 వారాలు. పళ్లు చదునైనా, ఫోమ్ గట్టిపడినా, సోల్ ఒకపక్కకే అరిగినా కొత్త జత చూసుకోవాలి.

బడ్జెట్ తక్కువైతే రంగును, కొత్త మోడల్‌ను వదులుకోండి. నిరుటి మోడల్ తక్కువకే దొరకొచ్చు. మిగిలిన డబ్బుతో రెండు జతల మంచి సాక్స్ తీసుకోండి. షూస్ ఇంటికి తెచ్చాక రెండు రోజులు ఇంట్లోనే శుభ్రమైన గచ్చు మీద వేసుకుని తిరగండి. సోల్‌కు మట్టి అంటితే వెనక్కి తీసుకోవడం కష్టం కాబట్టి, నొక్కుతున్న చోటు ఏదైనా ఉంటే అప్పుడే తేల్చుకోవాలి. అప్పటిదాకా బిల్లు, డబ్బా రెండూ పడేయకండి.