ఫించ్ బెలూన్ గుడ్డ కోటు

1922లో ఎవరెస్టుకు బయల్దేరిన బ్రిటిష్ బృందంలో జార్జ్ ఫించ్ ఒక్కడే వింత కోటు తెచ్చుకున్నాడు. పైన బెలూన్లకు వాడే గుడ్డ, లోపల ఐడర్ బాతు నూగు. ఉన్ని స్వెట్టర్లు, ట్వీడ్ కోట్లు తొడుక్కున్న తోటివాళ్ళు దాన్ని చూసి నవ్వారు. చలి ముదిరాక వాళ్ళే అసూయపడ్డారు. ఫించ్ రసాయన శాస్త్రవేత్త. తర్వాత 1952 నుంచి 1957 దాకా మన పుణేలోని జాతీయ రసాయన ప్రయోగశాలకు డైరెక్టర్‌గా ఉన్నాడని తెలిసినప్పటినుంచీ నాకు ఆయన మీద మరింత అభిమానం.

ఇలాంటి నూగు నింపిన పాత డౌన్ జాకెట్ కుట్టు విప్పి ఒక్క నూగు పింజను భూతద్దం కింద చూడండి. మామూలు ఈకకుండే గట్టి కాడ దీనికి ఉండదు. నడుమ నుంచి అన్ని దిక్కులకూ పోగులు, ప్రతి పోగుకూ ఇంకా సన్నని పోగులు. ఊపిరి తగిలినా కదిలిపోతుంది. ఆ పోగుల మధ్య చిక్కిన గాలి మాత్రం కదలదు. అసలు కిటుకంతా అక్కడే ఉంది. నిలిచిన గాలి వేడిని చాలా కొద్దిగానే పోనిస్తుంది. కదిలే గాలి ఒంటి వెచ్చదనాన్ని ఎత్తుకుపోతుంది. జాకెట్ తనంతట తాను వేడి పుట్టించదు. గదిలో ఒక మంచుగడ్డను జాకెట్‌లో చుట్టిపెట్టండి, బయట పెట్టినదానికన్నా నెమ్మదిగా కరుగుతుంది. పిల్లల ముందు తప్పక చేసి చూపించాల్సిన ప్రయోగం ఇది.

నూగుకు ఇంకో గొప్ప గుణం ఉంది. అణిచి సంచిలో కుక్కినా, విప్పగానే ఎండలో పెట్టిన బూరుగుదూది దిండులా పొంగుతుంది. లేబుల్ మీద 800 అని ఉంటే, సుమారు 28 గ్రాముల నూగు 800 ఘనపు అంగుళాలు, అంటే 13 లీటర్ల చోటు నింపుతుందని అర్థం. ఆ అంకె నూగు నాణ్యతకు సంబంధించిందే. లోపల ఎన్ని గ్రాములు నింపారో కూడా అడగాలి. కుట్లు కూడా చూడాలి: రెండు పొరలనూ కలిపి కుట్టేస్తే ఆ గీత వెంబడి నూగు ఉండదు, చలి అక్కడినుంచే దూరుతుంది. గట్టి చలికి చేసిన స్లీపింగ్ బ్యాగుల్లో పొరల మధ్య చిన్న గుడ్డ గోడలు నిలబెడతారు.

అయినా పడుకున్నవాడి బరువుకు అడుగున ఉన్న నూగు అణిగిపోతుంది, గాలి పోతుంది. అందుకే మంచు మీద మంచి చాప లేకపోతే ఎంత ఖరీదైన బ్యాగూ వీపును కాపాడదు. నూగుకు మరో శత్రువు తడి. తడిస్తే ముద్దకడుతుంది, పైగా నీరు వేడిని గాలికన్నా ఇరవై రెట్లకు పైగా వేగంగా లాగేస్తుంది.

1940లో అమెరికాలో ఎడ్డీ బావర్ నూగు జాకెట్‌కు పేటెంటు పొందాడు. 1980లలో అమెరికా సైన్యం కోసం, తడిసినా వెచ్చదనం నిలిపే ప్రైమాలాఫ్ట్ అనే కృత్రిమ పోగు పుట్టింది. వాన, మంచు కలిసి కురిసే చోటికి ఇలాంటి పోగే తీసుకోండి; ఎత్తయిన చోట్ల పొడి చలికి నూగును మించింది లేదు. స్లీపింగ్ బ్యాగు మీద రాసిన ఉష్ణోగ్రతల్లో కంఫర్ట్ అంకెనే నమ్మండి. ఎక్స్‌ట్రీమ్ అన్నది నిద్ర గురించి రాసిన అంకె కాదు, ప్రాణం గురించి.