ఇంటిపన్ను రసీదు చదవండి

నకరికల్లులో ఒకామె మిరపకాయ కోతల కూలి డబ్బుతో 500 రూపాయల ఇంటిపన్ను కట్టింది అనుకోండి. రసీదు చేతికొచ్చింది. "ఈ డబ్బు మా పిల్లల బడికేనా?" అని ఆమె అడిగింది.

కాదు. ఇంటిపన్ను వేసేది గ్రామ పంచాయతీ. 1994 పంచాయతీరాజ్ చట్టం దానికి ఆ అధికారం ఇచ్చింది. ఆ డబ్బు వీధి దీపాలకు, మంచినీళ్లకు, మురుగు కాలవలకు పోతుంది. సర్కారు బడి పంతుళ్ల జీతాలు, పిల్లల పాఠ్యపుస్తకాలు ప్రభుత్వం ఇస్తుంది.

అయితే ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కూడా కట్టాలి. 1960లో వచ్చిన గ్రంథాలయాల చట్టం కింద పన్నులో రూపాయికి 8 పైసలు. 500 రూపాయలకు 40 రూపాయలన్నమాట. చిన్న సొమ్మేం కాదు, ఊరంతా కలిపితే! పంచాయతీ దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థకు పంపాలి. పంపారా లేదా అని గ్రామసభలో అడగవచ్చు.

ఒకే ఏడాది పన్ను రెండుసార్లు కట్టించుకుంటే? ఒట్టి మాట ఎవరూ నమ్మరు. రెండు రసీదుల నకళ్లు జతచేసి పంచాయతీ కార్యదర్శికి అర్జీ ఇవ్వాలి. డబ్బు వాపసు ఇవ్వమని, లేదా వచ్చే ఏటి పన్నులో తగ్గించమని రాయాలి. అర్జీ అందినట్టు సంతకం తీసుకోవాలి. అసలు రసీదులు మాత్రం చేతిలోంచి వదలకూడదు.

మరి బడి డబ్బు సంగతి? దానికి తల్లిదండ్రుల కమిటీ ఉంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం అందులో నలుగురిలో ముగ్గురు తల్లిదండ్రులు లేదా సంరక్షకులే ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు. బడికి ఏం కావాలో ప్రణాళిక రాసేది, వచ్చిన డబ్బు ఎలా ఖర్చయిందో చూసేది ఈ కమిటీయే. ఆ కాగితం మీద వేలిముద్ర అడిగితే, "ఇటివ్వండి, చదువుతాను" అనవచ్చు.