దాగలి పరీక్ష

కమ్మరి కాలిన యినుమును దాగలి యను బరువైన దిమ్మపై నుంచి, సుత్తితో కొట్టి, కొడవళ్లను, నాగటి కర్రులను చేయును. క్రొత్తగా ఈ వృత్తిలో ప్రవేశించు పేదవాడు దాగలిని కొనునపుడు మోసపోయినచో, మరియొకటి కొనుటకు వానికి సొమ్ము మిగులదు.

పోతయినుప దాగలి చవుకగా దొరకును. రంగు పూసినచో చూపునకు సొంపుగా నుండును. కాని పోతయినుము పెళుసు; సమ్మెట దెబ్బలకు దాని అంచులు విరుగును. మేలైన దాగలి పైముఖము గట్టిపరచిన ఉక్కుతో నుండవలెను.

దీనిని తెలిసికొనుట సులభము. బేరింగులోని ఉక్కుగోళీని 10 అంగుళముల యెత్తునుండి దాగలిపై జారవిడువవలెను. అది 7 లేక 8 అంగుళములు పైకెగిరినచో దాగలి మంచిది. సగమెత్తైనను ఎగురనిచో మెత్తనిది. మెత్తని దాగలి దెబ్బలోని బలమును తానే మ్రింగివేయును. పనివాని చేయి అలయును, ఇనుము సాగదు. పైముఖమందు పలుచోట్ల ఇట్లు పరీక్షింపవలెను. ఒక్కచోట మాత్రమే గోళీ తక్కువగా ఎగిరినచో, లోపల పగులుండవచ్చును.

అంత సొమ్ము లేనివాడు పాత యినుప సామానుల అంగడిలో మందపు ఉక్కుదిమ్మను కొని, గట్టి కొయ్యమొద్దుపై కదలకుండ బిగించుకొనవచ్చును. చూచుటకు అది మోటుగా నున్నను పని చక్కగా జరుగును. దాగలికి అందము కాదు, గట్టిదనమును బరువును ప్రధానములు.