శనివారం ఎక్కితే.. సోమవారం దిగుతారు!

హోసూరు, కోలారు, బళ్లారి.. ఎక్కడైనా సరే, పిల్లలు అమెరికాలో ఉన్న తెలుగిళ్లు ఇప్పుడు వింతేమీ కాదు. కూతురి పురుడుకో, మనవడిని చూసుకోవడానికో పెద్దవాళ్లు విమానం ఎక్కుతున్నారు. వాళ్ల సందేహం ఒకటే.. ఎంతసేపు కూర్చోవాలి? టికెట్టు మీద టైము చూసి లెక్క వేశారో, బోల్తా పడ్డట్టే.

రెండున్నర గంటలేనా?

సోమవారం మధ్యాహ్నం 2 గంటలకు బెంగళూరులో ఎక్కి, ఎక్కడా ఆగకుండా 16 గంటలు ఎగిరారనుకోండి. చలికాలంలో అయితే శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగేది అదే సోమవారం సాయంత్రం 4.30కి! అక్కడి గడియారం మనకన్నా పదమూడున్నర గంటలు వెనక. మార్చి నుంచి నవంబరు దాకా పన్నెండున్నర గంటలే తేడా.

తిరిగొచ్చేటప్పుడు లెక్క తిరగబడుతుంది. 2021 జనవరిలో ఎయిరిండియా ఈ రెండు నగరాల మధ్య నేరు విమానం నడిపింది. కెప్టెన్ జోయా అగర్వాల్ బృందంలో పైలట్లంతా మహిళలే. 9వ తేదీ శనివారం రాత్రి అక్కడ లేచిన విమానం, ఉత్తర ధ్రువం మీదుగా 11వ తేదీ సోమవారం తెల్లవారుజామున బెంగళూరులో దిగింది. ఎగిరింది దాదాపు 17 గంటలే. ఆదివారంలో మిగతాదంతా గడియారమే మింగేసింది.

ధ్రువం దాకా ఎందుకు?

గోడ మీది పటం చూస్తే ఇది చుట్టు దారిలా కనిపిస్తుంది. పిల్లల గ్లోబు తీసుకుని రెండు ఊళ్ల మధ్య దారం బిగించి చూడండి. దారం ఉత్తరానికి జరిగి సైబీరియా మీదుగా పోతుంది. అదే దగ్గర దారి.. దాదాపు 14 వేల కిలోమీటర్లు. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోయినా పదిహేనున్నర గంటలు. పైన పడమటి నుంచి తూర్పుకు వీచే గాలి వెనక నుంచి తోస్తే టైము తగ్గుతుంది, ఎదురైతే పెరుగుతుంది. అందుకే పోను, రాను ఒకే టైము పట్టదు.

అసలు లెక్క ఇంటి నుంచి..

హోసూరు నుంచి దేవనహళ్లి విమానాశ్రయానికి బెంగళూరు మొత్తం దాటుకుని 70 కిలోమీటర్ల పైనే. ట్రాఫిక్కులో రెండు గంటలు దాటినా ఆశ్చర్యం లేదు. మూడు గంటల ముందే చేరాలి. దుబాయిలోనో, ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో విమానం మారితే ఆగే టైము అదనం. గడప దాటిన దగ్గర్నుంచి ఒక రోజు పైమాటే.

షుగరు, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకు ఈ లెక్క మరీ ముఖ్యం. ఏ దేశం టైము ప్రకారం వేసుకోవాలో డాక్టరును ముందే అడగండి. మందులు, చీటీ చేతిసంచిలోనే పెట్టుకోండి. నడవలేనివాళ్లకు చక్రాల కుర్చీ కావాలని టికెట్టు తీసేటప్పుడే చెప్పండి. సీట్లో కదలకుండా ఉండొద్దు, అప్పుడప్పుడూ లేచి నడవండి. టికెట్టులో బయలుదేరే, చేరే టైములతో పాటు మొత్తం ప్రయాణ సమయం కూడా ఉంటుంది. మీరు చూడాల్సింది ఆ అంకె!