పసిబిడ్డ తుంటికి పట్టీల రక్ష

అరసవల్లి సూర్యనారాయణస్వామి సన్నిధికి ఆరోగ్యం అర్థిస్తూ పసిబిడ్డలతో వచ్చే తల్లులను చూసినప్పుడల్లా నాకు మా మనుమరాలి పసితనం గుర్తుకు వస్తుంది. ఎదురుకాళ్లతో పుట్టిన ఆ బిడ్డకు తొడ ఎముక తల తుంటి గూటిలో సరిగా ఇమడలేదని ఆరవ వారంలో అల్ట్రాసౌండ్ పరీక్షలో తేలింది.

వైద్యులు పావ్లిక్ హార్నెస్ అనే మెత్తని పట్టీలు కట్టారు. చెక్ దేశపు వైద్యుడు ఆర్నోల్డ్ పావ్లిక్ 1940ల దశకంలో రూపొందించిన సాధనమిది. తొడలను మడిచి, ఎడంగా నిలుపుతుంది. ఎముక తల గూటిలో కుదురుకొని, బిడ్డ కాళ్లాడిస్తున్న కొద్దీ ఆ గూడు లోతుగా ఎదుగుతుంది. జాలిపడి ఒక రాత్రి పట్టీలు విప్పబోయిన నన్ను మా కోడలే వారించింది. పన్నెండు వారాలకు తుంటి కుదుటపడింది.

ఆరు నెలలు దాటితే ఈ పట్టీలు అంతగా ఫలించవు; శస్త్రచికిత్స అవసరం కావచ్చు. తొడ మడతలు సమానంగా లేకున్నా, ఒక కాలు పొట్టిగా కనిపించినా, తొడ పూర్తిగా విచ్చుకోకున్నా ఆలస్యం చేయవద్దు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉచితంగా పరీక్షించే లోపాలలో ఇదీ ఒకటి. పొత్తిళ్లలో కాళ్లు చాచి బిగించి చుట్టవద్దు.

స్వామికి మొక్కుకోండి, పట్టీలు విప్పే దినాన్ని మాత్రం వైద్యునికే విడిచిపెట్టండి.