వ్యసనవిముక్తి, వ్యాయామము: అపోహలు, వాస్తవములు

మనోబలమున్నవానికి వైద్యునితో పనిలేదనియు, నేడు సీసా పారవైచి రేపు తెల్లవారుజామున పరుగు మొదలిడిన చాలుననియు మద్యము మానగోరువానికి హితవు చెప్పు పెద్దలు మనలో నెందరో గలరు. అపోహలన్నింటిలో ప్రాణముమీదికి తెచ్చునది ఇదియే. ఏండ్లతరబడి ప్రతిదినమును విస్తారముగా త్రాగినవాడు హఠాత్తుగా మానినప్పుడు, మత్తునకు అలవడిన నాడీమండలము ఒక్కపెట్టున ఉద్రేకించి, కొన్ని గంటలకే చేతులు వణకుట, నిద్ర రాకుండుట మొదలగును. కొందరికి మొదటి 2 దినములలో మూర్ఛలు వచ్చును. మఱికొందరికి అటుపిమ్మట లేనివి కనబడి, సంధిప్రేలాపన కలిగి, చికిత్స అందనిచో ప్రాణాపాయము వాటిల్లును. 2015లో తెలంగాణమున మత్తుమందులు కలిపిన కల్తీకల్లును ప్రభుత్వము కట్టడి చేయగా, నిజామాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతములనుండి అనేకులు ఇట్టి బాధలతోడనే ఆసుపత్రులకు చేరిరి. వారిని దుర్బలచిత్తులని నిందించుట ఘోరమైన అన్యాయము, అది శరీరధర్మము. కావున మొదట వైద్యుని పర్యవేక్షణము, లోపించిన బి1 విటమినును భర్తీచేయుట, పిమ్మటనే వ్యాయామము.

చెమటతో విషమంతయు కారిపోవుననుట వట్టిమాట. ఒంటిలో చేరిన మద్యమునందు నూటికి 90 పాళ్ళు కాలేయమే హరించును. పరుగెత్తినంతమాత్రమున అది త్వరపడదు.

నన్ను మిక్కిలి కలచునది వేఱొక అపోహ. ఒళ్ళునొప్పులకు త్రాగుచున్నాననియు, పగలంతయు మూటలు మోసినవానికి మరల వ్యాయామమేలయనియు కూలివాడనును, వినువారును తలయూతురు. మద్యము నొప్పిని కొంతసేపు మఱపించునుగాని, నడిరేయి దాటిన పిదప నిద్రను చెఱచి, కండరములు కోలుకొనుటకు అడ్డుపడి, మఱునాటికి అలసటను అట్లే మిగిల్చును. అతనికి శ్రమ కొదువలేదు. ప్రొద్దుగ్రుంకినది మొదలు భోజనమువఱకు తోడు కొదువ. పనినుండి వచ్చు త్రోవలో దుకాణమున్నది, అచ్చట చిరకాలమిత్రులున్నారు. ఆ రెంటిని విడిచినవానికి సాయంకాలము శూన్యమగును. ఆ వేళకే బడి మైదానములో వాలీబాలునకో, చెఱువుకట్టమీద నడకకో నలుగురితో కలసి బయలుదేరినచో, పెరిగి తనంతట తగ్గు స్వభావముగల తహతహ ఆటలోనే గడచిపోవుటకు వీలు కలుగును, నిద్ర కుదురుకొనును, మనస్సు తేలికపడును. అది మందులకును, మానసిక వైద్యునకును తోడగును గాని బదులు కాజాలదు.

జిమ్ములో బరువులెత్తనిది బలము రాదని యువకులు తొందరపడుదురు. చిరకాలపానమువలన గుండెకండరము బలహీనపడి, పాదముల నరములు మొద్దుబారియుండవచ్చును గనుక, తొలుత పరీక్ష చేయించుకొని, పది నిమిషముల నడకతో ఆరంభించి, ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించిన వారమునకు 150 నిమిషములకు మెల్లగా చేరుకొనుట మేలు.

ఒకసారి మరల త్రాగినచో చేసినదంతయు బూడిదపాలగునని తలచి, సిగ్గుచే మైదానమునకు ముఖము చాటువేయువారు పలువురు. నెలల నడకవలన గుండెకును కాళ్ళకును వచ్చిన సత్తువ ఒక్కనాటిలో పోదు. ఆటలోని సహచరులు మఱునాడే వాని యింటికి పోయి పిలువవలెను. వరుసగా కొన్నిదినములు త్రాగియుండినచో, మైదానమునకు గాక ముందుగా ఆసుపత్రికి తోడ్కొనిపోవలెను. దారి తెలియని కుటుంబములకు 14446 అను జాతీయ సహాయసంఖ్య గలదు. దానికి రుసుము లేదు.